ఎల్లస్వామి మీసం

డెబ్బయ్యొకటి యుద్ధంలో పోయిన జవాను విగ్రహం మడికొండలో తయారవుతోంది. శిల్పి గోనెపట్టా తీయగానే, జవాను తల్లి పకపకా నవ్వింది.

"గీ బారెడు మీసమేంది బిడ్డా? మా ఎల్లస్వామికి నూనూగు మీసం సుత లేకుండె!"

"తూటాల నడుమ ముగ్గురిని మోసుకొచ్చి, నాలుగో మనిషి కోసం పోయి పానమిచ్చిండు గదమ్మా. అసొంటోనికి మీసం లేకుంటె ఎట్ల?"

"కుక్క మొరిగితె నా కొంగు సాటున దాగెటోడు వాడు!"

"సరే, తీసేస్త. ఫికర్ జెయ్యకు." శిల్పి ఉలి అందుకున్నాడు.

ఆమె విగ్రహం మూతి తడిమింది.

"ఆగు బిడ్డా. ఆఖరి ఉత్తరంల రాసిండు, 'మీసమొస్తాందే అవ్వా, లీవుకొచ్చినంక సూద్దువు' అని. తియ్యకు. జర పలుచగ జెయ్యి. అప్పుడప్పుడే వస్తాండె."