మంత్రిగారు చూసేదాకా

పెద్దాసుపత్రి రెండో అంతస్తు. ఆరోగ్య మంత్రిగారు చూడబోయే వార్డు గుమ్మంలో సూపరింటెండెంటు, హెడ్ నర్సు.

"ఆ మాట ఇంకోసారి అనకండి సిస్టర్. ఊపిరి మిషను ఇక్కణ్ణించి కదలదు."

"సార్, పక్క ఊరి చిన్నాసుపత్రి నించి మళ్లీ ఫోనొచ్చింది. చేత్తో బెలూను నొక్కుతూ ఊపిరి ఆడిస్తున్నారట. గంటంబావు అయింది. ఉన్నది ఇద్దరు నర్సులు. మార్చి మార్చి నొక్కుతున్నారు. చేతులు పడిపోతున్నాయి అంటున్నారు."

"ఇంకో గంట నొక్కమనండి."

"ఆ మిషను వాళ్లది సార్."

"వాళ్లదని నాకు తెలీదా? పొద్దున్నే తెప్పించింది నేనేగా. సాయంత్రానికి తిరిగిచ్చేస్తానని మాటిచ్చే తెచ్చా."

"అప్పుడు వాళ్లకి పేషెంటు లేడు. ఇప్పుడున్నాడు."

"మెల్లగా! కింద విలేకర్లున్నారు."

"మెల్లగానే అంటున్నా సార్. వాళ్ల అంబులెన్సు వాకిట్లోనే ఉంది. ఇప్పుడు బయల్దేరితే అరగంటలో చేరుతుంది."

"మరి మంత్రిగారొచ్చి, మేం పంపిన ఊపిరి మిషనేదయ్యా అంటే ఏం చూపించను? మీ మొహం చూపించనా, నా మొహం చూపించనా?"

"రాలేదని చెప్పండి. నిజమేగా! మనకి రావాల్సింది రానే లేదు."

"వచ్చిందని సంతకం పెట్టా."

"ఏంటీ?"

"ఆర్నెల్ల కిందట. ముట్టినట్టు ముందే సంతకం పెట్టి పంపితేగానీ సరుకు కదలదన్నారు. సూపరింటెండెంట్లందరూ పెట్టారు, నేనూ పెట్టా. కాగితం వెళ్లింది, మిషను రాలేదు. ఇప్పుడు రాలేదంటే, అమ్ముకున్నావా అంటారు."

"అయ్యో, సార్..."

"అయ్యో అంటే అయిపోదు సిస్టర్. రేపు ఆయన సభలో లేచి, దేశంలో ప్రతి పెద్దాసుపత్రిలోనూ మిషనుంది, కళ్లారా చూసొచ్చాను అని చెప్పాలి. అందుకే వస్తున్నారు. ఈ వార్డుకి, ఈ మంచం దగ్గరికి. ఫొటో కూడా ఇక్కడే."

"ఆ మంచం మీద పడుకోబెట్టింది మన స్టోరు గుమాస్తాని. గుర్రు పెడుతున్నాడు."

"లేపకండి. సహజంగా ఉంది."

"పోనీ, పక్క ఆసుపత్రిలో అవసరమైతే పంపించామని చెప్పండి సార్. మెచ్చుకుంటారేమో."

"ఏ ఆసుపత్రి అంటారు. పేరు చెప్తాం. వాళ్లకీ ఒకటిచ్చాం కదా, మీదెందుకు అంటారు. అక్కణ్ణించి మొత్తం బయటపడుతుంది. మిషను మీద వాళ్ల పేరు కనపడకుండా ప్లాస్టరు అంటించింది మీ చేత్తోనేగా? మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. మీరు అంటించమన్నారు, అంటించా. అప్పుడు తప్పనిపించలేదు సార్."

"ఉండండి, మంత్రిగారి పీయే ఫోను... హలో, నమస్కారమండీ. ఆఁ, అంతా సిద్ధంగా ఉందండీ. ఎంతసేపట్లో... దారిలో అంటే, ఎక్కడిదాకా వచ్చారో... హలో? హలో? పెట్టేశాడు."

"ఏమన్నారు?"

"దారిలో ఉన్నారట."

"రెండు గంటల్నించీ దారిలోనే ఉన్నారు."

"అది నన్నడుగుతారేం? మీ ఫోను మోగుతోంది, చూసుకోండి."

"ఆఁ, చెప్పమ్మా... ఏంటీ? గోళ్లు నీలంగానా? నొక్కుతూనే ఉండండి, ఆపకండి. పంపిస్తున్నాం. పంపిస్తున్నామన్నానుగా తల్లీ, నువ్వేడవకు, నొక్కు!"

"పంపిస్తున్నామని ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?"

"గోళ్లు నీలంగా మారుతున్నాయట సార్."

"పేషెంటునే ఇక్కడికి తీసుకురమ్మనండి."

"దేన్లో తెస్తారు? వాళ్లకున్నది ఒక్కటే అంబులెన్సు, మిషను దాన్లోనేగా తెచ్చాం. మన రెండూ మంత్రిగారి కార్ల వెనకాల వెళ్లాయి."

"నేనూ డాక్టర్నే సిస్టర్. నాకు బాధ లేదనుకుంటున్నారా? వచ్చే నెల రిటైరవుతున్నా. ముప్ఫై మూడేళ్లు చేసి, చివర్లో మిషను దొంగ అనిపించుకుని పోనా? ఇంట్లో ఏం చెప్పుకోను?"

"అక్కడ కూడా ఎవరో ఇంట్లో ఎదురుచూస్తుంటారు కదా సార్."

"ఇంతకీ ఎవరా పేషెంటు? మీరింత పట్టుబడుతున్నారు. మీ బంధువా?"

"కాదు సార్."

"మరెవరు?"

"చెప్పొద్దన్నారు సార్."

"ఎవరు?"

"అక్కడి డాక్టరు. బయటికి పొక్కితే గొడవైపోతుందట."

"నాక్కూడానా?"

"మీరు కంగారు పడతారని..."

"సిస్టర్! ఎవరా పేషెంటు?"

"మంత్రిగారే సార్."

"ఏ మంత్రి?"

"మన మంత్రిగారే. కార్లో వస్తూ వస్తూ గుండె పట్టుకుని ఒరిగిపోయారట. దార్లో దగ్గరున్నది ఆ చిన్నాసుపత్రే."

"ఏం మాటలవి! ఇప్పుడేగా పీయే..."

"ఎక్కడున్నారంటే చెప్పాడా సార్?"

"చెప్పలేదు."

"పెట్టేశాడు కదా."

"ఉండండి, మళ్లీ చేస్తా. మోగుతోంది... మోగుతోంది... ఎత్తడం లేదు. సిస్టర్, ఎత్తడం లేదు!"

"గోళ్లు నీలంగా మారాయన్నారు సార్."

"మరి ఇందాకట్నించీ నోట్లో ఏం పెట్టుకున్నారు? ఎవరక్కడ! ప్లగ్గు తీయండి. తీయండయ్యా, చూస్తారేం! ట్యూబులు మర్చిపోకండి. లిఫ్టు ఆపి ఉంచమనండి. జరగండి, జరగండి, దారివ్వండి! మత్తు డాక్టర్ని కూడా ఎక్కించండి. డ్రైవరుకి చెప్పండి, ఎక్కడా బ్రేకు వెయ్యొద్దని!"

"డ్రైవరు ఎక్కి కూచునే ఉన్నాడు సార్."

"ఆ గుమాస్తా లేచాడేంటి?"

"ఇంక నాతో పనేముంది అంటున్నాడు."

"పొమ్మనండి. వెళ్లిందా? సిస్టర్, వెళ్లిందా?"

"గేటు దాటింది సార్. మలుపు కూడా తిరిగింది."

"అమ్మయ్య... ఆ కుర్చీ ఇలా లాగండి. అంత పెద్దమనిషి ఊపిరి గుప్పిట్లో పెట్టుకుని ఇంతసేపూ మీతో వాదిస్తున్నానా నేను? ముందే తెలిస్తే మొదటి ఫోనుకే పంపేవాణ్ణి కదా!"

"తెలుసు సార్."

"ఆ మాట అప్పుడే అనాల్సింది మీరు."

"అవును సార్. మొదటి ఫోనుకే అనాల్సింది. నాకే తట్టలేదు."

"అదేంటి, మళ్లీ సైరన్? తిరిగొచ్చేస్తున్నారా? ఏమైంది?"

"మిషను వెళ్లిన అంబులెన్సు కాదు సార్. కిటికీలోంచి చూడండి."

"కార్లు... పది, పన్నెండు... పోలీసులు... సిస్టర్, ఆ దిగుతున్నది మంత్రిగారిలా లేరూ? నడుస్తున్నారు! చేతులూపుతున్నారు!"

"మంత్రిగారే సార్."

"మరి అక్కడ... అక్కడున్నదెవరు?"

"పేరు నాకూ తెలీదు సార్. బస్టాండు ఊడ్చే ఆయనట."