ఎర్రదారం దాకా

ఆ దారమా? ముట్టుకోకమ్మా, కళ్ళతో చూడు. ఈ గాజుతొట్టి చుట్టూ మీ తాత కొంబో కట్టిందే అది. మనిషి పోయి తొమ్మిదేళ్ళు, దారం మాత్రం ఇంకా పట్టు వదల్లేదు. తీసుకెళ్దువుగానిలే, నీదే. మీ నాయనమ్మ "చూసుకో ఫకీ" అంది గానీ ఉంచుకోమందా? మాలిందీ దాకా చేపను బస్సులో ఎట్లా తీసుకుపోతావో అది వేరే సంగతి. కూర్చో మ్వానైషా, కహవా చల్లారుతోంది.

ఎక్కడున్నానూ... ఆఁ, మీ తాత. దర్జీ. ఈ మొంబాసా పాతబస్తీలో పుట్టి, గుమ్మం ముందు సముద్రం పెట్టుకుని, మోకాలి లోతు దిగని మనిషి. జలుబు చేస్తుందట. నేనేమో ముప్ఫయ్యేళ్ళు మునిగినవాణ్ణి, రంగుచేపలు పట్టి, ఓడల మీద దేశాలకి పంపే షావుకారుకి వేసేవాణ్ణి. ఈ చెవి అందుకే పోయింది, ఇటు తిరిగి మాట్లాడు. ఈ చేపను పట్టిందీ నేనే. తోక చిరిగిందని షావుకారు వద్దంటే, దర్జీ కదా కుట్టుకుంటాడులే అని తెచ్చి వాడి ముందు పెట్టా. వీధంతా నవ్వింది. వారం బతకదనుకున్నా. బతికింది. తోక మొలిచింది. నారింజరంగు మీద ఆ తెల్లచారలు చూసి వాడు దానికి పెళ్ళికూతురని పేరు కూడా పెట్టాడు. ఇంక చూస్కో, గౌను కొలతలని వెళ్ళిన ఆడవాళ్ళంతా తొట్టి ముందే. మా ఆవిడ జోఖా సరేసరి. ఇంటికొచ్చి, "కొంబో పిలిస్తే చేప పైకొస్తుందండీ" అంటుంది నాతో. నేను పిలిస్తే మా ఇంట్లో పిల్లి రాదు. కడుపు మండదూ?

నేనూ కొన్నా ఒక తొట్టి, మీ తాతదాని కంటే జానెడు పెద్దది. మంచి చేపలు, తోకలున్నవి. నెల తిరిగేసరికి ఒకటీ లేదు. మళ్ళీ వేశా, మళ్ళీ పోయాయి. మీ తాతని అడిగా... అడగలేదులే, అటు పోతూ పోతూ ఊరికే అన్నా, తొట్టిలో నీళ్ళు తగ్గితే ఏం పోస్తున్నావురా అని. వాడు నోట్లో సూది తియ్యకుండానే "తియ్యనీళ్ళు, ఫకీ" అన్నాడు. తాగే నీళ్ళమ్మా. సముద్రపు చేపకి తాగే నీళ్ళా? ఓహో, నా చేపల్ని చంపించి నవ్వాలని చూస్తున్నాడు అనుకున్నా. ఎదురుగా అంత సముద్రం ఉంటే నాకేం ఖర్మ. రోజూ బిందెడు తెచ్చి, తగ్గిన మేరకు పోశా. అవి మాత్రం చస్తూనే ఉన్నాయి.

తర్వాత మీ మేనత్త పెళ్ళి వచ్చింది. మూడు వారాలు లాము వెళ్తూ, చూడు, ఊళ్ళో ఇంతమంది ఉంటే వాడు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. కుండలో వాననీళ్ళున్నాయి, గుడ్డలో వడగట్టినవి. కుళాయి నీళ్ళొద్దు, మందు వాసన. పొద్దున్నే ఈ పింగాణీ కెటిల్‌తో సన్నధార, దారం దాకానే. నాలుగుసార్లు అప్పజెప్పించుకున్నాడు నా చేత. నేను తలూపి, ఆ కుండ జోలికే పోలేదు. దారం దాకానే పోశా, కానీ సముద్రం పోశా. చేప మీద ప్రేమతోనేనమ్మా. ముప్పాతిక ప్రేమ. తక్కిన పావు ఏమిటని అడక్కు.

పద్ధెనిమిదో రోజుకి పెళ్ళికూతురు మూలకి ఒరిగి ఉంది. మేత ముట్టదు. మొప్పలు ఎగరేస్తోంది. వేలు ముంచి నాలుకకి రాసుకున్నా. ముప్ఫయ్యేళ్ళు సముద్రం మింగిన నోరిది, దానికి తెలియదా? అది సముద్రం కాదు. సముద్రాన్ని మించిన ఉప్పు. గాజు అంచున తెల్లగా పొక్కు కట్టి ఉంది. అప్పుడు వెలిగింది నాకు. మీ ఊరి అవతల ఉప్పుమళ్ళు చూశావుగా? నీళ్ళని ఎండ తాగేస్తుంది. ఉప్పు ఎక్కడికి పోతుంది? పోయింది ఉత్త నీళ్ళు, నేను పోసింది ఉప్పునీళ్ళు. నా ఇంట్లోనూ అదే, వాడి ఇంట్లోనూ అదే. దర్జీ కొట్లో ఉప్పుమడి కట్టానమ్మా నేను.

ఇంక మూడు రోజులు అక్కడే ఉన్నా. చెంబుడు తీసెయ్యడం, చెంబుడు వాననీళ్ళు సన్నగా పొయ్యడం. ఒక్కసారి పోస్తే ఆ తేడాకే పోతుంది. నువ్వు బతికితే వాడి మీద ఏడవనని మొక్కుకున్నా. అది బతికింది. మొక్కు సంగతి వదిలెయ్.

వాడొచ్చాడు. చేపను చూడలేదు, ముందు కుండ మూత తీశాడు. అడుగంటాల్సిన కుండలో సగానికి పైగా నీళ్ళు. గాజు అంచు బొటనవేలితో తుడిచి నాలుకకి రాసుకున్నాడు. "ఫకీ, మీ ఇంట్లోవాటికీ ఇట్లాగే పోశావా?" అన్నాడు. తలూపా. "చెప్పాను గదరా." "చెప్పావు. నేను నమ్మలేదు" అన్నా. అంతే. మళ్ళీ ఆ మాటెత్తలేదు. మీ నాయనమ్మకు కూడా చెప్పలేదు, చెప్పి ఉంటే ఈ తొట్టి నా ఇంటికి వచ్చేదా? నలుగురిలో నాలుగు తిట్టి ఉంటే చెల్లుకు చెల్లయ్యేది. తిట్టలేదు చూడు, అది నాకు ఇప్పటికీ మంట. మంచితనంలోనూ వాడిదే పైచెయ్యి కావాలా?

సరే, నీళ్ళు దారం దిగాయి. ఆ కెటిల్ ఇటు... వద్దులే, నువ్వే పొయ్యి, రేపటినుంచి నీ పనేగా. సన్నగా. ఇంకా సన్నగా. అదిగో, పైకొస్తోంది. తొమ్మిదేళ్ళు పోశానమ్మా నేను, ఒక్కనాడు ఆ మూల వదిలి రాలేదు. నీ వేళ్ళు కూడా అచ్చం వాడివే, పొడుగ్గా...

చాలు, చాలమ్మా. దారం దాకానే.