ముందు ఎడమ స్కేటు

మాంట్రియల్‌లో ఆదివారం మధ్యాహ్నం. ఐస్ హాకీ జట్టులో మిగతా ఆడవాళ్ళందరూ మంచు మీదికి వెళ్ళిపోయారు. మంచు మీద జారే స్కేటు బూట్లు తొడుక్కునే గదిలో ఇద్దరే మిగిలారు, ఏళ్ళ తరబడి ఆడుతున్న పెద్దామె, ఈ ఏడే జట్టులో చేరిన అమ్మాయి.

“అక్కా, ఇవాళ కుడి స్కేటు ముందు వేసుకున్నావు.”

“అయితే ఏంటట?”

“ఎప్పుడూ ఎడమదేగా ముందు, అదే శుభమని. దానికి నేనోసారి నవ్వితే వారం పాటు నాతో మాట్లాడలేదు.”

“మర్చిపోయాన్లే.”

“నువ్వది మర్చిపోవడమా? గురువారం ఆటలో నీ తల మంచు చుట్టూ ఉన్న చెక్కగోడకి కొట్టుకుంది. డాక్టరుకి చెప్పావా?”

“ఇవాళ జాతీయ జట్టుకి ఎంచేవాళ్ళు వచ్చారు. నా వయసుకి మళ్ళీ పిలవరు.”

“పొద్దున చర్చిలో అంతసేపు మోకాళ్ళ మీదున్నావు. తల నయం చెయ్యమని అడిగావా?”

“లేదు. అడిగితే దెబ్బ తగిలిందని ఒప్పుకున్నట్టేగా.”

“అడక్కపోతే దేవుడికి తెలీదా అక్కా?”

“ప్రసంగాలు ఆపు. నేను ఆడకుండా కూర్చుంటే నా చోట ఆడేదెవరో నాకు తెలీదనుకోకు.”

“నేనే. అందుకే ఈ మూడు రోజులూ నోరెత్తలేదు. నా స్వార్థం కోసం చెప్తున్నానంటావని.”

“ఇప్పుడూ అదే అంటున్నాను.”

“అనుకో. ఆ స్కేట్లు రెండూ విప్పి, ఎడమది ముందు వేసుకుని రా. ఇంకేమీ అనను.”

పెద్దామె లేసు అందుకోవడానికి వంగింది. వెంటనే బెంచీ అంచు పట్టుకుంది.

“ఏమైంది అక్కా?”

“వంగితే గది తిరుగుతోంది.”

“ఉండు, డాక్టర్ని పిలుస్తాను.”

“పిలుద్దువుగానిలే. ముందు ఈ లేసులు విప్పు. ఎడమది ముందు.”