సూదిమందు ఇద్దరికీ

రెండో బిడ్డ కూడా కడుపులోనే పోయి నెల దాటింది. టెక్కలి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన ఆమె, బారువ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మొగుడి ఎదుట నిలబడింది.

“డాకటేరమ్మ రగతం సూసింది మావా. నాకు పడకలో అంటుకునే సవాయి రోగమంట. బిడ్డలు దానివల్లే పోనారంట.”

“సీ! ఎక్కడ తెచ్చుకున్నావే?”

“నానీ ఊరు దాటనేదు. రంగూన్ కూలికెల్లినప్పుడు నల్లమందు మత్తులో నువ్వెవల కాడ పడుకున్నావు?”

“ఆ మత్తులో ఏటి సేసినానో నాకే గేపకం నేదు.”

“రోగం మరిసిపోనేదు మావా.”

“మెల్లగా మాటాడు. పక్కోలు ఇంటారు.”

“ఇననీ! నానే పిల్లల్ని మింగేసినానని మీ యమ్మ ఊరంతా సెప్పినప్పుడు అందరూ ఇన్నారు గదా. నాను సూది ఏయించుకున్నాను. రేపు నువ్వూ రా.”

“రాను. ఎనక ఈది కాసులమ్మ కూతుర్ని మనువాడతాను. అది కంటాది పిల్లల్ని.”

ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

“ఆ పిల్లకీ ఈ రోగమే అంటిస్తావా? ఇప్పుడే ఎల్లి కాసులమ్మకి అంతా సెప్పేత్తాను.”

“నా పరువు పోద్దే!”

“నా బిడ్డలిద్దరు పోనారు.”

ఆమె కదిలింది. వాడు వల వదిలేసి అడ్డం వచ్చాడు.

“ఆగు. రేపు బస్సు ఎన్నింటికి?”

“తెల్లారే. ముందు నువ్వింకా మానని ఆ నల్లమందు డబ్బీ ఇలాగియ్యి.”

వాడు మొలలోంచి తీసేదాకా ఆమె చాపిన చెయ్యి దించలేదు.