యాడి పాట

భూపాలపల్లిలో సాహిత్య సభ. సాయంత్రం కవితలు చదివే వేళ, నిర్వాహకుడు అచ్చువేసి ఇచ్చిన తన కవిత చూసుకుని ఓ కవయిత్రికి ఒళ్లు మండింది.

"సార్, నేను పంపింది 'యాడి పాట'. గీడ 'ఎక్కడి పాట' అని ఉన్నదేంది?"

"యాడ అంటే ఎక్కడనే గదమ్మా! సభ కోసం జర సాపు చేసిన."

"మా తండాల యాడి అంటే అమ్మ సార్."

"అట్లనా! అయితే 'అమ్మ పాట' అని చదువు. అందరికీ సమజైతది."

"నేనామెను ఎన్నడూ అమ్మ అని పిలువలే. ఇయ్యాల మీ మైకు కోసం పిలువాల్నా?"

"పెద్ద పెద్దోళ్లు వచ్చిన్రు. వాళ్లకెట్ల తెలుస్తది?"

"ఆమె గూడ వచ్చింది. చూసి తెలుసుకుంటరు."

కాగితం అతని చేతిలోనే పెట్టి వేదికెక్కింది.

"యాడీ!"

చివరి వరుసలో అద్దాల రవికె ముసలామె లేచి నిలబడింది. సభంతా వెనక్కి తిరిగింది.