నేను ఆపిన ఏడ్పు

"బాపమ్మా, మొన్న ఆదివారం నేను చర్చిల వాక్యం చదువుతుంటె నడుమల లేసి బయటికి పోయినవేందే? అయ్యగారు గూడ అడిగిండు."

అడగనియ్. నువ్వు మంచిగనే చదివినవ్ బిడ్డా, నీ తప్పేం లేదు. దేవుని దయ రోజు పొద్దున కొత్తగ వస్తదని నువ్వు చదివిన గా రెండు మాటలున్నయ్ సూడు, అవి నాతోటి ఇననైతలేదు. గోడ మీద క్యాలెండర్ల అవే, పెండ్లికాడ అవే, సావుకాడ అవే. ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టు. నేను చేసింది నా నోటితోనే చెప్పాలె.

రాజవ్వ ఎరుకే గద నీకు. పసుపు మార్కెట్ యార్డు ఎనుక గల్లీల ఉంటది, మనింటికి రాదు. మా మరిది పెండ్లాం, నాకు యారాలు. ఇద్దరం కలిసే కైకిలికి పోయేది, దినం కూలికి. వేల్పూర్ దిక్కు పసుపు తవ్వుడు సురువైందంటె రెండు నెలలు ఇంటి మొకం సూడకపోయేది. అప్పుడు గీ స్టీం డ్రమ్ములు లేకుండె. పెద్ద పెద్ద కడాయిలల్ల పసుపు కొమ్ములు ఉడకబెట్టేది, పొగకు కండ్లు పండ్లయ్యేవి. ఇద్దరిది ఒకటే సద్ది. ఆమె తొక్కు తెస్తె నేను రొట్టె తెచ్చేది. ఏం చెప్తున్న... ఆ, రాజవ్వ.

నేను అయిదో తరగతి చదివిన, ఆమె బడి మొకం సూడలే. అక్షరాలొస్తయని చర్చిల ఆడోళ్ళ సంఘానికి నన్ను పెద్దను చేసిండ్రు. నేను మస్తు కడక్ ఉంటుంటి. ఆలస్యంగ వస్తె ఎనకాల నిలబెట్టేది. ఎవలన్న జాతరకు పోయిండ్రని తెలిస్తె అందరి ముంగట లేపి అడిగేది. నన్ను సూస్తె కొంగులు సదురుకునేటోళ్ళు. గదే భక్తి అనుకున్న.

రాజవ్వకు ఒక్కతే బిడ్డ, సరోజ. పదో తరగతి చదువుతుండె. జ్వరం పట్టుకున్నది. ఈడ దవాఖానల సూపిచ్చిండ్రు, నిజామాబాద్ తీస్కపోయిండ్రు, తగ్గలే. ఎవలో చెప్తె తాయెత్తు కట్టిచ్చింది. తల్లి గద, ఏదంటె అది చేస్తది. అయినా పిల్ల దక్కలే. బేస్తారం పోయింది, కాదు కాదు, శుక్రారం. యార్డుకు కొమ్ము మస్తుగ వచ్చిన దినం. లారీలడ్డముండి అంబులెన్సు గల్లీలకు రాలే, చేతుల మీద మోసుకొచ్చిండ్రు.

స్నానం పోస్తుంటె రెక్కకు తాయెత్తు కనవడ్డది నాకు. కత్తెర తెమ్మన్న. కోసిన. కోసి ఊకున్ననా? వాకిట్లకు తెచ్చి నలుగురికి ఎత్తి సూపిచ్చిన. "ఇగో, గిందుకే దేవుడు తీర్పు తీర్చిండు" అన్న. పిల్ల ఒంటి మీది నీళ్ళు గూడ ఆరలే ఇంక.

రాజవ్వ శోకం ఎత్తుకున్నది. మనోళ్ళ ఆడోళ్ళు ఎట్లేడుస్తరు, పేరు పిలుచుకుంట, పనులు తలుసుకుంట. "సరోజా, నీ జడ ఎవలకు అల్లాలె బిడ్డా, నీ బడి సంచి ఎవల భుజానెయ్యాలె బిడ్డా" అని. నేను పోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టిన. "నమ్మనోళ్ళ లెక్క శోకాలు తీస్తవా? మనకు నిరీక్షణ ఉన్నది, మల్ల లేస్తమనే ఆశ ఉన్నది" అన్న. అని గా రెండు మాటలు చదివిన. పుస్తకం సూడకుంట, గర్వంగ.

ఏడ్పు మింగింది. నా దిక్కు సూసి, "నీ పిల్లలు బతికున్నరు గదక్కా" అన్నది. గంతే. మల్ల చర్చికి రాలే, నాతోని మాట్లాడలే. ఇరవై ఏండ్లు దాటింది.

ఇగ మీ చిన్నాయన ముచ్చట నీకెరుకే. పోయినేడు మక్కల లోడు దించి బండి మీద వస్తుంటె హైవే మీద లారీ గుద్దె. ఇంట్ల కొడుకు శవమున్నది. నా కడుపులకెంచి ఎల్లొస్తుంది ఏడ్పు, నోరు తెరిచిన. అయ్యగారు మెల్లగ వచ్చి, "పెద్దమ్మా, మీరే గద మా అందరికి నేర్పిచ్చింది" అన్నడు. అని చదివిండు. ఏది? గా రెండు మాటలే. నోరు మూసుకున్న. నేను కట్టిన గోడనే గద అది.

గప్పుడొచ్చింది రాజవ్వ. గడపల కూసున్నది, కొంగు నేల మీద పరిసింది, ఎత్తుకున్నది శోకం. జడ అన్నది, బడి సంచి అన్నది. నా కొడుకు పేరు ఒక్కపారి తియ్యలే బిడ్డా. సరోజా, సరోజా అని. నేను ఆపిన ఏడ్పు తెచ్చి నా ఇంట్లనే ఏడ్చింది. అయ్యగారు లేవబోయిండు. చెయ్యి పట్టుకొని గుంజిన, కూసో అన్న. ఏడ్చి ఏడ్చి లేసింది, మంచినీళ్ళు ముట్టలే, పోయింది.

"నీకు అప్పుడన్న ఏడ్పొచ్చిందా బాపమ్మా?"

రాలే. ఇప్పటిదాంక రాలే.

కండ్ల ఆపరేషన్ అయినంక పెద్దచ్చు బైబిల్ తెచ్చిచ్చినవ్ గద నువ్వు. మొదటికెంచి వరుసగ చదువుకుంట వచ్చిన, ఒక్క పేజీ దాటెయ్యకుంట. అప్పటిదాంక నేను చదివింది అయ్యగార్లు గీత గీసిచ్చిన ముక్కలే. ప్రవక్త ఏడ్చిన పుస్తకం కాడికొచ్చిన. పట్నం కాలిపోయింది, పిల్లలు ఆకలికి పడి సస్తున్నరు, ఆయన కూసోని ఏడుస్తుండు. అయిదు అధ్యాయాలు బిడ్డా, అయిదూ ఏడ్పే. మన శోకం లెక్కనే. గా రెండు మాటలు నట్టనడుమ ఉన్నయ్, అటు ఇటు కండ్ల నీళ్ళే. ఆఖరికి దేవున్నే అడుగుతడు, మమ్ముల మొత్తానికే ఇడిసిపెట్టినవా అని. జవాబు లేదు. పుస్తకం అయిపోయింది.

తీర్పు సంగతి గూడ రాసిండు, రాయలేదనను. గని మనం తప్పు చేసినం అన్నడు, తను గూడ గా గుంపుల నిలవడి. నేనేమన్న? నువ్వు చేసినవ్ అన్న. అయిదో తరగతి చదువు చదివి, దేవుని తరఫున నేనే జడ్జినైన.

పోయిన నెల రాజవ్వ ఇంటికి పోయిన. కొమ్ములు ఏరుతుంది. "తప్పు చేసిన రాజవ్వా, మాఫ్ చెయ్యి" అన్న. తలకాయ ఎత్తలే. "మాఫీ నాకాడ లేదక్కా. ఉంటె ఇయ్యకపోదునా? ఎంత దేవులాడినా దొరుకుతలేదు" అన్నది.

అరుగు మీద కూసున్న, పొద్దు వంగెదాంక. పో అనలే. మల్ల శుక్రారం పోయిన, అప్పటికెంచి ప్రతి శుక్రారం పోతున్న. చాయ్ పోస్తలేదు, మాట్లాడ్తలేదు, పో అంటలేదు. గా "పో" అననిదే నాకున్న నిరీక్షణ. క్యాలెండర్ మీద ఎయ్యరు దాన్ని.

నువ్వు ఆదివారం చదువుతె గా ఏడ్పు పుస్తకం మొదటి అధ్యాయంకెంచి చదువు. టైం సరిపోదని అయ్యగారంటె నేను లేసి మాట్లాడ్త, నువ్వు ఫికర్ చెయ్యకు. ఇగ బందు పెట్టు ఫోను, ఇయ్యాల శుక్రారమే, నేను పోవాలె. దేవుడు నిన్ను సల్లగ సూడాలె బిడ్డా. నీకు ఏడ్పొచ్చిన దినం నాసొంటిది నీ పక్కన కూసోకుంట సూడాలె...