ఖాళీ కప్పు

మస్కట్‌లో ఒక హోటల్ వంటగది. పొరుగుదేశపు యుద్ధంలో ఐరాస పరిశీలకులను మరిన్ని ఊళ్లకు పంపాలా వద్దా అని పై హాల్లో మూడు రోజులుగా చర్చలు నడుస్తున్నాయి. హాల్లో గావా కాఫీ పోసే పని, వంటగదిలో మాట్లాడుకుంటున్న ఈ ఇద్దరు తెలంగాణవాళ్లది.

“అన్నా, పనైంది! ఆ దేశంల మా తమ్ముడు పనిజేసే పోర్టుకు గూడ యూఎన్ వాళ్లు పోతరు. ఇగ ఆడ బాంబులు పడయి.”

“ఎవరు జెప్పిండ్రు నీకు?”

“చెప్పాల్నా? వాళ్లను పంపుమని అడిగే ఆ ముసలాయన మూడు దినాలసంది గావా ముట్టలే. అడిగింది ఒప్పుకునేదాక తాగడు, అది ఈ అరబ్బుల పద్ధతి. ఇందాక చూస్తే కప్పు ఖాళీ!”

“తమ్మునికి చెప్పినవా?”

“అప్పుడే ఫోన్ చేసిన. ఊరిడిసి పోతందుకు బస్సెక్కి కూసున్నడు. దిగుమన్న. దిగిండు.”

“ఎంత పని చేసినవ్‌రా!”

“ఏమైందన్నా?”

“చల్లారిందని ఆ గావా నేనే పారబోసిన. వేడిది తెచ్చేసరికి అందరు కొట్లాడి లేచిపోయిండ్రు. ఏదీ ఒప్పుకోలే. ఫోన్ చెయ్యి, మళ్ల బస్సెక్కుమను.”

“అదే ఆఖరి బస్సన్నా.”